ఎస్టేట్‌లో గూబ పెట్టె

పేరాక్‌లో బాగాన్ దాతుక్ వైపు వెళ్ళినప్పుడు, మన తాతలు చెమటోడ్చిన ఎస్టేట్‌ల దగ్గర కాసేపు ఆగండి. ఇప్పుడు ఎక్కడ చూసినా పామాయిల్ చెట్లే. కొన్ని తోటల్లో స్తంభం మీద ఒక పెట్టె ఉంటుంది. అది గుడ్లగూబ ఇల్లు. దాని అరుపు వింటే కీడని మన పెద్దలు భయపడేవారు. ఇప్పుడు అదే తోటకు కావలి.

ఎలుకలు పామాయిల్ గెలలను కొరికి తింటాయి. ఎలుకలు పెరిగితే గూబకు తిండి దొరుకుతుంది, పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. గూబలు పెరిగితే ఎలుకలు తగ్గుతాయి. తిండి లేక గూబలూ తగ్గుతాయి. మళ్ళీ ఎలుకల వంతు వస్తుంది. ఒకదాని వెనుక ఒకటి, కొంచెం ఆలస్యంగా.

ఆ ఆలస్యం ఓర్చుకోలేక కొందరు విషం పెడతారు. విషం తిన్న ఎలుకను తిని గూబ కూడా చస్తుంది. లెక్క చూడండి. ఎలుక కడుపుతో ఉండేది 3 వారాలే. గూబ గుడ్లు పొదగడానికే నెల, పిల్ల ఎగరడానికి ఇంకో 2 నెలలు. రెండూ చస్తే ముందు తిరిగొచ్చేది ఎలుకే. 1926లో ఇటలీ గణిత పండితుడు వోల్టెర్రా సముద్రపు చేపల గురించి ఇదే లెక్క కట్టాడు.

పెట్టె కింద ఎముకలు, వెంట్రుకలతో నల్లని ఉండలు కనిపిస్తే పిల్లలకు చూపించండి. కావలి మేలుకొనే ఉందని అర్థం. మీకూ తోట ఉంటే, విషం కొనేముందు ఆ ఉండల కోసం ఒకసారి వెతకండి.