అంబలప్పుళ బియ్యం బాకీ

అలెప్పీలో రైలు దిగి దక్షిణంగా వెళ్లే బస్సెక్కితే సుమారు 14 కిలోమీటర్లలో అంబలప్పుళ వస్తుంది. అక్కడి శ్రీకృష్ణస్వామి ఆలయానికి నన్ను లాక్కెళ్లినవి రెండు: పాలపాయసం, దాని వెనకున్న సంఖ్య.

స్థలపురాణం ఇది. చెంబకశ్శేరి రాజుకు చదరంగమంటే ప్రాణం. కృష్ణుడు సాధువు వేషంలో వచ్చి ఆటకు కూర్చున్నాడు. తాను గెలిస్తే మొదటి గడికి ఒక బియ్యపు గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా 64 గళ్లకూ రెట్టిస్తూ ఇమ్మన్నాడు. రాజు ఓడాడు. గాదెలు ఖాళీ అయినా లెక్క తీరలేదు. స్వామి నిజరూపం చూపి, రోజూ భక్తులకు పాయసం పెట్టి బాకీ తీర్చమన్నాడట.

మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. తెలుగు గణితకవి పావులూరి మల్లన పేరుతో మనం చెప్పుకునే పద్యమొకటి ఈ ఇరవై అంకెలనూ పొల్లుపోకుండా చెబుతుంది. అందులో శరమంటే ఐదు, చంద్రుడంటే ఒకటి, బ్రహ్మ ముఖాలంటే నాలుగు. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. చొక్కా తీసి వరుసలో నిలబడ్డంతసేపూ ఆ పద్యమే నా నాలుక మీద ఆడింది. లేత గులాబీ రంగు తిరిగిన పాయసం చేతికందాక గానీ ఆగలేదు.

మధ్యాహ్నం పడవలో కుట్టనాడు వైపు వెళ్లాను. సముద్రమట్టానికి దిగువన, గట్ల చాటున వరిపొలాలు. వాటిని చూస్తూ లెక్క కట్టాను. వెయ్యి గింజలు 25 గ్రాములనుకుంటే బాకీ 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా పండించే బియ్యం ఎనిమిది వందల ఏళ్లు పోగుచేసినా చాలదు. కానీ మొదటి 32 గళ్లకు అయ్యేది 107 టన్నులే. ఒక రాజు కొలవగలిగినంతే.

మిగతా సగంలో ప్రతి గడీ మొదటి సగంలో అదే స్థానంలోని గడికి 4,29,49,67,296 రెట్లు. అంటే మొదటి సగాన్ని 4,29,49,67,297తో గుణిస్తే బల్ల మొత్తం వచ్చేస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే గుణకం 65,537, ఇంకా చేసుకుంటూ పోతే 257, 17, 5, చివరికి 3. ఈ ఆరింటి లబ్ధమే మన సంఖ్య.

ఈ వరుసను 3 నుంచి పైకి ఎంత పొడిగించినా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ అలాంటివే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ 641 × 67,00,417గా విడగొట్టాడు. ఈ వరుసలోదే అయిన 17ను తీసుకుని, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు. అలా గీయవచ్చని తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అతిపెద్దదానికి ఆ మొదటి ఐదింటి లబ్ధమంత, అంటే 4,29,49,67,295 భుజాలు. మొదటి సగానికి రాజు కొలవాల్సిన గింజలు సరిగ్గా అన్నే! ఆ సంగతి తట్టినప్పుడు పక్కన కూర్చున్నవారికి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పటిదాకా దొరికిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఆ ఐదే. ఐదూ ఈ బాకీలోనే ఉన్నాయి. ఇంకొకటి ఉందో లేదో గణితలోకం నేటికీ తేల్చలేదు.

అంబలప్పుళ వెళ్లేవాళ్లు పిల్లలను వెంట తీసుకెళ్లండి. పాయసం తాగించి, కథ చెప్పి, చదరంగం బల్లను సగానికి సగం చేయించండి. పెద్ద సంఖ్యను చూసి ఆశ్చర్యపోవడం వాళ్లకు ఎలాగూ వచ్చు. దాన్ని విప్పి లోపల ఏముందో చూసే ధైర్యం కూడా వస్తుంది.