రాయిస్‌డాల్ శ్మశానం ముందు

మా అమ్మాయి నన్ను డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌కి తీసుకెళ్లి, ముందుగా డియేగో రివేరా కార్ఖానా కుడ్యచిత్రాలు చూపించింది. ఆ 27 ఫలకాల యంత్రాల హోరు దాటి డచ్చి చిత్రాల దగ్గరికి వచ్చాక నేనిక కదల్లేదు.

యాకోబ్ వాన్ రాయిస్‌డాల్ 'యూదుల శ్మశానం'. ఆరడుగుల పైచిలుకు వెడల్పు. కమ్ముకొచ్చిన మబ్బు, కూలిన మఠం గోడలు, మోడైన చెట్టు, సమాధుల్ని ఒరుసుకుంటూ వాగు, మబ్బులో ఇంద్రధనుస్సు.

"ఇది ఏ ఊరు నాన్నా?" అంది అమ్మాయి.

ఏ ఊరూ కాదు. సమాధులు నిజమైనవే. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఔడర్‌కెర్క్‌లో పోర్చుగీసు యూదులు 1614లో ఏర్పరచుకున్న శ్మశానంలోవి. ఒకటి ఫ్రాన్స్ రాణి మరీ ద మెదిచీకి వైద్యం చేసిన ఎలియా మోంటాల్టోది. గోడలు మాత్రం ఎగ్మండ్ మఠానివి. స్పెయిన్ మీద తిరుగుబాటు రోజుల్లో, 1573లో, ధ్వంసమైన కట్టడం అది. ఔడర్‌కెర్క్ బల్లపరుపు నేల. అక్కడ ఇలా రాళ్ల మీద దూకే వాగు ఉండదు.

అంటే చిత్రకారుడు కావాలనే వీటిని ఒకచోట చేర్చాడు. ఎందుకు? అన్నీ నశించేవేననీ, ఇంద్రధనుస్సు ఆశకు గుర్తనీ చెప్పడం పరిపాటి. ఇదే బొమ్మకు డ్రెస్డెన్‌లో ఉన్న చిన్న ప్రతి గురించి 1816లో అచ్చయిన వ్యాసంలో జర్మన్ కవి గెథే రాయిస్‌డాల్‌ని కవిగానే చూశాడు. నిజమే. కానీ నా కన్ను సమాధుల మీద పడే వెలుతురు దగ్గర ఆగింది. 1655 ప్రాంతంలో ఈ బొమ్మ వేసేనాటికి ఆ సమాధులకు నిండా యాభై ఏళ్లు లేవు. కన్నబిడ్డలు ఇంకా వచ్చి దణ్ణం పెట్టుకుంటున్న సమాధులు కొన్నైనా ఉండి ఉంటాయి. మత విచారణల నుంచి తప్పించుకుని పారిపోయి వచ్చినవాళ్ల సంతతి అది. పాతికేళ్లు దాటిన ఒక హార్లెం కుర్రాడు తన నేల మీది మఠాన్ని శిథిలంగా వెనక్కి నెట్టి, పరాయివాళ్ల సమాధుల మీద ఎండ కురిపించాడు. నాకది వైరాగ్యంలా తోచలేదు, గౌరవంలా తోచింది.

ఎగ్మండ్‌లో 1930లలో కొత్త మఠం కట్టారు. రాయిస్‌డాల్ చూసిన గోడలు ఇప్పుడు లేవు. మోంటాల్టో సమాధి మాత్రం ఔడర్‌కెర్క్‌లో ఇంకా ఉంది. ఆ మాట చెబితే అమ్మాయి మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి, ఈసారి సమాధుల్ని ఒక్కొక్కటే చూడసాగింది.