ఆగితే ఆగిపోయే బండితో... హిందూపురం టు ధర్మవరం

హిందూపురం నుంచి ధర్మవరానికి రైలుంది, బస్సులున్నాయి. కానీ పెనుకొండ కోటను తీరిగ్గా చూస్తూ పోవాలంటే బైకే మేలు. సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కాలి. పెనుకొండ చూసుకుని, చెన్నేకొత్తపల్లి దాకా వెళ్లి కుడికి తిరగాలి. మూడు ఊళ్లూ 2022లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోవే. మొన్న వేసవిలో ఆ దారిన నేను వెళ్లింది మాత్రం కోట కోసం కాదు, ఓ కార్బ్యురేటర్ కోసం!

బండి ధర్మవరంలో ఉండే మా బావది. పట్టుచీరలు నేస్తాడు. నూలు తెచ్చుకోవాలన్నా, చీరలు షావుకారుకి ఇచ్చి రావాలన్నా పదిహేనేళ్లు దాటిన ఆ వంద సీసీ బండే ఆయనకు దిక్కు. పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరుపడ్డ హిందూపురానికి నూలు పనిమీద వచ్చి మా ఇంట్లో దిగాడు.

‘‘పరిగెత్తేటప్పుడు ఏ జబ్బూ లేదు. యాక్సిలరేటర్ వదిలితే ప్రాణం పోతాంది’’ అన్నాడు. హైవే మీద మలుపు తిరగబోతుంటే రెండుసార్లు నడిరోడ్డులో ఆగిపోయిందట, వెనక లారీ. ఎవరో మెకానిక్ ‘ఇంజిన్ పని చేయించు, లేదా అమ్మెయ్’ అన్నాడట. చీర దిగితేగానీ డబ్బు కనబడని ఇంట్లో ఇంజిన్ పనంటే మాటలా? నేనూ వెనకెక్కాను.

హిందూపురంలోనే మొదటి పరీక్ష. స్పార్క్ ప్లగ్ విప్పి చూశాం. మసి పట్టి తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లగా ఉంటే తక్కువవుతున్నట్టు. మాది తెల్లగా ఉంది. చోక్ లాగితే బండి నిలబడుతోంది, వదిలితే ఆగిపోతోంది. అంటే స్లోలో ఇంజిన్‌కి పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోంది. ఆ రెండింటిలో ఏది?

మిర్చి, చింతపండు, బెల్లం వాసనల మధ్య నుంచి ఊరు దాటాం. పెనుకొండలో గగన్ మహల్ ముందు యాక్సిలరేటర్ వదలగానే బండి మామూలుగానే ఆగింది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపీ విడిచి రాజధాని చేసుకున్న ఊరిది. సన్నటి తోరణాలతో, పైన గోపురంతో ఆ మహల్ ఎంత చూసినా తనివి తీరదు. మా బావకేమో బండి తప్ప ఏదీ కనబడలేదు!

ట్యాంకు మూత తీశాం. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోతే, తీయగానే ‘ఉస్సు’మంటుంది. అనలేదు. ఊళ్లో ఓ కుర్ర మెకానిక్, బండి కాస్త చల్లారాక చోక్ మీద స్టార్ట్ చేసి, కార్బ్యురేటర్‌నీ ఇంజిన్‌నీ కలిపే రబ్బరు చుట్టూ సబ్బునీళ్లు చల్లాడు. పగులుంటే ఇంజిన్ శబ్దం మారుతుంది. మారలేదు. ‘‘గాలి కాదప్పా, స్లో జెట్టు చూడు’’ అన్నాడు. పైసా అడగలేదు.

గుట్టూరు దాటాక 2019లో కార్లు మొదలైన కియా ఫ్యాక్టరీ. అక్కడి కార్లలోనే కాదు, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లోనూ చాలావాటికి కార్బ్యురేటర్ లేదు. స్లోని కంప్యూటరే చూసుకుంటుంది. అవి ఆగితే స్కానర్ తగిలించాలి. మన దగ్గరున్నది సబ్బునీళ్లు!

ధర్మవరంలో మగ్గాల చప్పుడు వినబడే వీధిలో, బావ ఇంటి అరుగు మీద కార్బ్యురేటర్ విప్పారు. అడుగు గిన్నెలో గోధుమరంగు మడ్డి. పాత ట్యాంకు తుప్పే అది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు అందేది పైలట్ జెట్ అనే ఇత్తడి ముక్క గుండా. స్పీడులో పెద్ద జెట్టు ఆదుకుంటుంది, కాబట్టి రోగం తెలియదు. పైలట్ జెట్టుని వెలుగుకి పెట్టి చూశాం. చీకటి.

వీధి మెకానిక్ ఇనుప తీగ తీశాడు. బావ చెయ్యి పట్టుకున్నాడు. ‘‘గుచ్చొద్దప్పా. ఇత్తడి గీసుకుపోతే రంధ్రం పెద్దదవుతుంది.’’ సన్నటి పోగులతో రోజూ కాపురం చేసేవాడికి ఆ మాట ఒకరు చెప్పాలా? క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టారు. నాలుగోసారికి చుక్కంత వెలుగు కనిపించింది.

తుప్పు మళ్లీ రాకుండా ట్యాంకు కడిగి, పెట్రోలు పైపుకి ఫిల్టర్ వేశారు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది కూడా. కాబట్టి పాత బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకపోవడమే మంచిది. ఇంత చేసినా ఆగుతుంటే అప్పుడు ట్యాపెట్లు చూడాలి. ఇంజిన్ పని ఆ తర్వాతి మాట.

ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ స్క్రూ, స్లో స్క్రూ సరిచేశారు. నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరిగితే ఇలాంటి బండికి చాలు. మీటరు లేదుగా, బావ చెవే మీటరు! కళ్లు మూసుకుని విని, ‘‘ఇంకొంచెం తగ్గించు’’ అన్నాడు.

అమ్మెయ్యమన్న మెకానిక్ సంగతి నేను గుర్తు చేస్తే, ‘‘పోగు తెగితే మగ్గం అమ్ముకుంటామా?’’ అని నవ్వాడు. సాయంత్రం చీరల మూట వెనక కట్టుకుని షావుకారు దగ్గరికి బయల్దేరాడు.