నాగులేటి ఒడ్డున ఆయుధ పాఠం

కొణతానికి పూజ చేస్తారు. పిస్టల్‌కి లైసెన్సు తీసుకుంటారు. రెండింటి మధ్యా ఎనిమిది శతాబ్దాలకు పైగా దూరం. కానీ రెండూ ఒక్క జిల్లాలోనే కనిపిస్తాయి. అదే పల్నాడు!

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఊరూరి నుంచీ వీరాచారవంతులు తరలివస్తారు. వాళ్లు మోసుకొచ్చేది దేవుడి విగ్రహాలను కాదు... ఆయుధాలను! వాటినే కొణతాలంటారు. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు అవే ప్రతిరూపాలు. నాగులేటి నీళ్లతో స్నానం చేయించి, వీర్ల గుడికి తీసుకెళ్లి మొక్కుతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... అయిదు రోజుల ఉత్సవంలో ఒక్కో రోజుదీ ఒక్కో ఘట్టం. కోడిపందెంతో రాజుకున్న పగ రెండు రాజ్యాలను ఎలా కాల్చేసిందో ఏటా గుర్తుచేసే పండగ ఇది.

అక్కడ ఆయుధానికి పేరుంటుంది. బ్రహ్మనాయుడి నృసింహకుంతం అనగానే చేతులు జోడిస్తారు. అదే జిల్లాలో, నరసరావుపేటలో ఆయుధానికి ఉండేది నంబరు. దాన్ని రాసుకునే రిజిస్టరు, దానికో గడువు!

కలెక్టరేటు దాటాకే...

నరసరావుపేట ఒకప్పుడు అట్లూరు. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరుతో పేట అయింది. మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభలు, మిగతా ఏడాదంతా పత్తి, మిర్చి బేరాలు... ఊరికి గుర్తింపు అదే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేటూ ఇక్కడికే వచ్చింది. దాంతో తుపాకీ లైసెన్సు కోసం గుంటూరు వెళ్లాల్సిన అవసరం తీరింది.

రాత్రివేళ డబ్బు సంచితో తిరిగే వ్యాపారి కావచ్చు, బెదిరింపులు వచ్చిన నాయకుడు కావచ్చు. 'ఏ పిస్టల్ మంచిది?' అన్నదే మొదటి ప్రశ్న అనుకుంటారు. నిజానికి చట్టం ముందుగా అడిగేది వేరు... 'నీకెందుకు?' అని! ప్రాణభయం ఉందని చూపించాలి. పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి. ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నాయని డాక్టరు రాసివ్వాలి. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం శిక్షణ పొందినట్టు పత్రం ఉండాలి, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటూ చూపించాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. మామూలు పౌరుడి దగ్గర ఉండదగ్గ తుపాకులు మాత్రం మూడు నుంచి రెండుకు తగ్గాయి.

సినిమాలో చూసింది దొరకదు

తెర మీద హీరో నడుము దగ్గర నుంచి లాగే నల్లటి పిస్టల్ చాలావరకు పాలిమర్ రకమే. దీన్ని ప్రపంచానికి బాగా పరిచయం చేసింది ఆస్ట్రియాకు చెందిన గాస్టన్ గ్లాక్. అంతకుముందు ఆయన కంపెనీలో కర్టెన్ రాడ్లూ, కత్తులూ తయారయ్యేవి. 1982లో ఆస్ట్రియా సైన్యం ఆయన పిస్టల్‌ను ఎంచుకుంది. పట్టుకునే భాగమంతా గట్టి ప్లాస్టిక్, గొట్టం, పైన కదిలే స్లైడు ఉక్కు. అందుకే తేలిక. పాత పిస్టల్‌కి వెనక చిన్న సుత్తి ఉంటుంది. అది పడితేనే తూటా పేలుతుంది. ఇందులో సుత్తి ఉండదు. లోపల స్ప్రింగు బలంతో ముందుకు దూసుకొచ్చే పిన్ను, అంటే స్ట్రైకర్ ఆ పని చేస్తుంది. బట్టలకు తగులుకునేదేమీ బయటికి ఉండదు. మొదటి తూటాకైనా చివరి తూటాకైనా ట్రిగ్గర్ ఒకేలా నొక్కాలి.

సౌకర్యం ఉన్నచోటే ప్రమాదమూ ఉంది. ఈ రకంలో చాలావాటికి బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు. రక్షణ అంతా ట్రిగ్గర్‌లోనూ, లోపలి భాగాల్లోనూ ఉంటుంది. వేలు అక్కడికి వెళ్లిందా, అడ్డుకునేది ఇంకేదీ లేదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర లేకుండా దీన్ని జేబులో వేసుకోవడం, దిండు కింద పెట్టుకోవడం చేటు తెస్తుంది.

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఈ పిస్టళ్లలో ఎక్కువ భాగం 9 ఎంఎం తూటావి. మన దేశంలో అది నిషిద్ధ బోరు. సామాన్యుడికి లైసెన్సు రాదు. ఆత్మరక్షణకు దొరికేది .32 బోరు రివాల్వరో, పిస్టలో. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం తెచ్చిన 'నిర్భీక్' అర కిలో బరువున్న .32 రివాల్వర్. ప్రభుత్వ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ 2023లో తెచ్చిన 'ప్రబల్' కూడా .32 రివాల్వరే.

ఎవరికి ఏది?

అవసరాన్ని బట్టే ఆయుధం. దగ్గర ఉంచుకోవడానికైతే చిన్నది, తేలికైనది మేలనిపిస్తుంది. కానీ బరువు తగ్గేకొద్దీ కాల్చినప్పుడు చేతికి తగిలే కుదుపు పెరుగుతుంది. గురి తప్పుతుంది. చేతిలో సరిగ్గా అమరిందా, వేలు ట్రిగ్గర్ మీద సహజంగా పడుతోందా అన్నదే చూసుకోవాలి. ఏడాదిలో ఒక్కసారైనా సాధన చేయని మనిషికి ఎంత ఖరీదైనదైనా ఒకటే.

పోలీసు లెక్క వేరు. అక్కడ ఒక్కరి ఇష్టం కాదు, దళం మొత్తం అవసరం. అందరి దగ్గరా ఒకే రకం ఉంటే మ్యాగజైన్లు ఒకరివి ఒకరికి పనికొస్తాయి, శిక్షణా ఒకటే. మన పోలీసులు ఏళ్ల తరబడి వాడింది బ్రౌనింగ్ నమూనాలో ఇక్కడే తయారైన ఉక్కు 9 ఎంఎం పిస్టల్. దానికి సుత్తీ ఉంది, సేఫ్టీ మీటా ఉంది. ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతికి గ్లాక్ వచ్చింది. గుంపులో పెనుగులాట జరిగినా ఎదుటివాడు లాక్కోలేని ఒర, మోతాదుకు మించి తూటాలు, మట్టి పడినా ఆగని పనితనం... ఇవీ వాళ్లు చూసేవి.

ఇక పోటీలు. ఒలింపిక్స్‌లో 9 ఎంఎం మాటే లేదు. 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది చిన్న .22 తూటా. ట్రిగ్గర్ బరువు కిలోకి తగ్గకూడదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కైతే అర కిలో. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ పోటీపడింది. పిల్లలకు షూటింగ్ సరదా ఉంటే తల్లిదండ్రులు వెతకాల్సింది తుపాకీల దుకాణాన్ని కాదు, గురువున్న రేంజ్‌ని. మొదలు ఎయిర్ పిస్టల్‌తోనే.

దించాల్సిన వేళ

ఆయుధం తీసుకున్నవాడికి దాన్ని అప్పగించడమూ తెలియాలి. ఎన్నికల ప్రకటన రాగానే కమిటీ సమీక్షించి, ఎవరెవరి లైసెన్సు తుపాకులు పోలీసులకు అప్పగించాలో తేలుస్తుంది. ఫలితాలు వచ్చి, కోడ్ ముగిశాకే అవి తిరిగొస్తాయి. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ నిబంధనల విలువ పల్నాడుకు చెప్పనక్కర్లేదు. 2024 మే 13న పోలింగు నాడూ, ఆ తర్వాతా ఇక్కడ జరిగిన గొడవలు దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. ఆ గొడవల్లో కనిపించినవి లైసెన్సు పిస్టళ్లు కావు... రాళ్లు, కర్రలు, పెట్రోలు సీసాలు! పగ ఉంటే చాలు, ఆయుధం ఏదైనా అవుతుంది.

కారంపూడిలో అయిదో రోజు ముగిశాక కొణతాలన్నీ ఊళ్లకు తిరిగెళ్తాయి. మళ్లీ ఏడాది దాకా వాటి పని లేదు. పిడుగురాళ్ల వైపు తిరిగితే గుత్తికొండ బిలం. యుద్ధం ముగిసి, అయినవాళ్లంతా పోయాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లిపోయాడని కథ. చీకటి గుహలో నీటి మడుగుల దాకా దిగే యాత్రికులకు పెద్దలు ఆ మాటే చెబుతుంటారు. అంతటి వీరుడికీ చివరికి మిగిలింది గెలుపు కాదు... ఏకాంతమే!