మా సవతికి ముక్కులు మార్చిన వైనం

నాకో సవతి ఉంది. నాకంటే రెండేళ్ళు ముందే మా ఆయన జీవితంలోకి వచ్చింది. 2003 మస్టాంగ్ జీటీ, ఎర్ర రంగు, వీ8 ఇంజను. ఉద్యోగంలో చేరిన కొత్తలో డాలస్‌లో కొనుక్కున్నారు. అది చాలక లాంగ్ ట్యూబ్ హెడర్లని ఇంజను పొగను బయటికి తెచ్చే పొడుగాటి గొట్టాలు, ఇంకేవేవో వేయించారు. మా పెళ్ళి ఫొటోల ఆల్బమ్ కంటే దాని బిల్లుల ఫైలు లావుగా ఉంటుంది.

రెండేళ్ళ క్రితం ఆయనకి నడుముకి ఆపరేషన్ అయింది. కారు కింద పడుకునే రోజులు పోయాయి. మా వాడికి పదిహేడు నిండాయి. కంప్యూటర్ సైన్స్ వద్దు, మెకానికల్ చదువుతానన్నాడు. ఆ రోజు నుంచీ తండ్రీకొడుకుల మధ్య తంతి ఆఫీసు నేనే. "వాడు తిన్నాడేమో కనుక్కో." "అమ్మా, పెద్ద రెంచి ఎక్కడ పెట్టారో నాన్ననడుగు." ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని మరీ!

సరిగ్గా అప్పుడే కారులో చెక్ ఇంజన్ దీపం వెలిగింది. మేముండేది కాలిన్ కౌంటీలో. ఇక్కడ ఎమిషన్స్ పరీక్ష పాసైతే గానీ రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. ఆ దీపం వెలుగుతుంటే పరీక్ష పాసవదు. గడువు ఇరవై రోజులే ఉంది. ఒక షాపులో చూపిస్తే నాలుగు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చాలి, తొమ్మిది వందల డాలర్లవుతుందన్నారు. "ఎందుకొచ్చిన గొడవ, అమ్మేద్దాం" అన్నారు ఈయన. మా వాడు కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటి లెక్కలు చూసేదాన్ని నేను. తొమ్మిది వందలు దేనికో తెలియకుండా ఇచ్చే అలవాటు లేదు. కూర్చుని చదివాను, వాణ్ణి అడిగాను, అర్థమైంది మీకూ చెబుతాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి సవతులు ఉండే ఉంటారు.

ఈ సెన్సరు కారుకి ముక్కులాంటిది. పొగగొట్టంలో తల పెట్టి, అందులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూస్తుంది. కాలని పెట్రోలు ఎక్కువుంటే 0.9 వోల్టుల దగ్గర, గాలి ఎక్కువుంటే 0.1 దగ్గర సంకేతం ఇస్తుంది. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళు గాలి, అదీ లెక్క. కంప్యూటరు దాన్ని చూసే పెట్రోలు పెంచడం, తగ్గించడం. 1976లో వోల్వో కార్లతో మొదలైందట ఈ ఏర్పాటు. మా కారుకి ఇవి నాలుగు. ముందు రెండూ పెట్రోలు లెక్క చూస్తాయి. వెనక రెండూ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని కాపలా కాస్తాయి.

షాపువాళ్ళిచ్చిన కాగితంలో రెండు కోడ్లున్నాయి. పీ0135 అంటే ముందు సెన్సర్లలో ఒకదాని హీటరు పని చేయట్లేదని. ముక్కు బాగా వేడెక్కితేనే వాసన పడుతుంది, అందుకే లోపల హీటరు. మా కారులో పొడుగాటి గొట్టాల వల్ల సెన్సరు ఇంజనుకి దూరంగా ఉంటుంది, అక్కడికొచ్చేసరికి పొగ కాస్త చల్లబడుతుంది. కాబట్టి హీటరు మరీ ముఖ్యం. మా వాడు మీటరు పెట్టి చూశాడు. ఎడమ వైపు హీటరు కొన్ని ఓమ్‌లు చూపించింది, కుడి వైపుది అసలు ఏమీ లేదు. అది పోయినట్టే.

రెండోది పీ0171, కుడి వైపు గాలి ఎక్కువైందని. ఇక్కడే నాకో సంగతి తట్టింది. మా గరాజ్ తలుపు వంటింట్లోకే తెరుచుకుంటుంది. పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కుమని చప్పుడు, కాసేపటికి వేడెక్కాక తగ్గిపోయేది. కాఫీ కలుపుతూ రోజూ వింటున్నాను. వాడికి చెప్తే ఎగిరి గంతేశాడు. "అమ్మా, హెడర్ గాస్కెట్ లీక్ అది!" అక్కడి సందులోంచి పొగ బయటికి రావడమే కాదు, మధ్యమధ్యలో బయటి గాలి లోపలికీ పోతుంది. పక్కింటి పోపు ఘాటు మన వంటింట్లోకొస్తే మన కూర మాడిందనుకోమూ? సెన్సరూ అలాగే మోసపోతుంది. కంప్యూటరేమో పెట్రోలు పెంచేస్తుంది, ఆ కాలని పెట్రోలు కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. ఆ లీకు ఉండగా నాలుగు కాదు, నలభై సెన్సర్లు మార్చినా దీపం ఆరదు. పైగా కార్బన్ మోనాక్సైడ్ వచ్చే లీకు నా వంటింటి పక్కన! ఆ రోజే ఆర్డరు వేసి, కారుని బయట పెట్టించాను.

ఇక సెన్సరు ఎంపిక. వాడి స్నేహితులు తలో మాటా చెప్పారు. ఒకడు యూనివర్సల్ కొనమన్నాడు, చౌక. కానీ అందులో వైర్లు మనమే కలుపుకోవాలి. సెన్సరు పోల్చి చూసుకోవడానికి బయటి గాలి కావాలిట, చాలా వాటిల్లో ఆ గాలి వైరులోని సన్నని తీగల సందుల్లోంచే లోపలికి పోతుంది. సోల్డర్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇంకొకడు వైడ్‌బ్యాండ్ పెట్టమన్నాడు. ఫుల్ స్పీడులో కచ్చితమైన లెక్క చెప్పేది అదే, నిజమే. కానీ మా కారు కంప్యూటరుకి ఆ భాష రాదు. ట్యూనింగ్ చేసుకునేవాళ్ళు దాన్ని వేరే కంట్రోలరుతో అదనంగా పెట్టుకోవాలి గానీ, పాతదాని చోట పెట్టేది కాదు. మూడోవాడు వెనక సెన్సర్లకి అబద్ధం చెప్పే చిన్న పరికరం పెట్టి, కన్వర్టర్లే తీసేయమన్నాడు. చట్టవిరుద్ధం. మా వాడు నా మొహం చూసి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

చివరికి ఆ ఏడాది మోడల్‌కే సరిపోయే ప్లగ్గుతో వచ్చే మోటర్‌క్రాఫ్ట్‌వి రెండు తీసుకున్నాం, ముందు జత. ఎడమది ఇంకా పని చేస్తోంది కానీ లక్షా పదివేల మైళ్ళు తిరిగింది. ఒకటి చురుగ్గా, ఒకటి మందంగా ఉంటే ఎందుకని జతగానే మార్చాం. వెనక రెండూ ముట్టుకోలేదు. సెన్సర్లకి, గాస్కెట్‌కి కలిపి నూటడెబ్బై డాలర్లలోపే అయింది.

బిగించే రోజు ఈయన గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కేవలం చూడ్డానికట. పది నిమిషాలు మౌనం. తర్వాత నాతో కాదు, నేరుగా కారు కిందికే చెప్పారు. "మరకి గ్రీజు ముందే రాసి ఉంటుందిరా, మొన మీద పడనీయకు. సిలికాన్ వాడకు, సెన్సరుకి విషం. ఎక్స్‌టెన్షన్ వైరు హెడరుకి తగలకుండా కట్టు, కరిగిపోతుంది." కింద నుంచి "సరే నాన్నా" అని వినిపించింది. నేను పకోడీలు వేసే నెపంతో లోపలికి వచ్చేశాను.

కోడ్లు చెరిపేశాక వెంటనే పరీక్షకి పోకూడదు. కంప్యూటరు తనని తాను పరీక్షించుకునే మానిటర్లుంటాయి, ఈ కారుకి ఒకటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి. దానికి కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఊళ్ళో కొంత, హైవే మీద ఒకే వేగంతో కొంత. ఎలా నడపాలో ఈయనకి తెలుసు, నడుము నొప్పితో క్లచ్ తొక్కలేరు. వాడికి క్లచ్ తొక్కడం వచ్చు, ఎలా నడపాలో తెలియదు. అందుకని ఆరు రోజులు పొద్దున్నే ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేనడగలేదు.

గడువుకి నాలుగు రోజుల ముందు పరీక్ష పాసైంది. నిన్న ఈయన కాలేజీ అప్లికేషన్ల ఫైలు తీసి, మెకానికల్ బాగా చెప్పే యూనివర్సిటీల పేర్లు ఓ కాగితం మీద రాస్తున్నారు. వెనక సెన్సర్ల ధర కూడా ఆ కాగితం మూలనే రాసి ఉంది.