ఇరుసు

సంచికకి ఏదో ఒకటి రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు వారం రోజులుగా నా గది చుట్టూ తిరుగుతున్నారు. కవిత్వం నాకు రాదు. ప్రేమకథ రాద్దామంటే అనుభవం లేదు. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: మా అనకాపల్లి బెల్లం, బండి ఇరుసు. బెల్లం గురించి అందరూ రాస్తారు గనుక ఇరుసు గురించి రాస్తాను. చదువరులు మన్నించాలి.

మాది చోడవరం దాటి మాడుగుల వెళ్ళే దారిలో ఓ పల్లె. చెరుకుని గానుగకి తోలడానికి మా తాతకి ఎడ్లబండి ఉండేది. దానికి స్ప్రింగుల్లేవు, షాకబ్జర్లు లేవు. ఇరుసు, రెండు చక్రాలు, రెండు కడచీలలు, అంతే. ఒక చక్రం గోతిలో దిగితే బండి మొత్తం ఒరిగేది. పిల్లలం ఒకరి మీద ఒకరు పడేవాళ్ళం. "ఇరుసు ఇరగనంతసేపూ బండి ఇంటికొస్తాదిరా" అనేవాడు తాత. ఇంజనీరింగులో మూడో సంవత్సరం వచ్చేదాకా ఆ మాట నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

ఆ ఏడు మన కాలేజీ కుర్రాళ్ళం పాతికమందిమి బాజా పోటీకి బండి కట్టాలని బయలుదేరాం. బాజా అంటే పెళ్ళిమేళం కాదు. రోడ్డు లేని చోట పరుగెత్తే నాలుగు చక్రాల బండిని, ఏటీవీ అంటారు, విద్యార్థులే గీసి, వెల్డింగు చేసి, నడిపి చూపించాలి. 1976లో అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలై 2007లో మన దేశానికి వచ్చిన పోటీ అది. చిన్న ఇంజను, అందరికీ ఒకే రకం. కనుక గెలుపోటములు చట్రం మీదా, సస్పెన్షన్ మీదా ఆధారపడతాయి. అందులోనూ వెనకవైపు సస్పెన్షన్ దగ్గర మా జట్టు రెండు పార్టీలై చీలిపోయింది. హాస్టల్లో నెల్లాళ్ళు ఎన్నికల గొడవే అనుకోండి.

ఒక పార్టీ ఒంటి ఇరుసు కావాలంది. రెండు చక్రాలకీ కలిపి ఒకటే గట్టి ఇరుసు, దాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఒకటి. మా తాత బండికి స్ప్రింగు పెట్టినట్టు. కీళ్ళు తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. విరిగితే పల్లెటూరి వెల్డరు కూడా అతికించగలడు. మలుపులో బండి తూలదు. కానీ ఒక చక్రం రాయెక్కితే కావడిబద్దలా రెండో వైపు కూడా కదులుతుంది. పైగా 22 అంగుళాల టైరు వేస్తే ఇరుసు నేలకి 11 అంగుళాల ఎత్తులో ఉంటుంది. దాని మధ్యలో వేలాడే పళ్ళచక్రం అందులో నాలుగు తినేస్తుంది. మిగిలినవి ఏడు. అడవిలో మొద్దులు ఆ ఏడు అంగుళాల కోసమే కాచుకుని ఉంటాయి.

రెండో పార్టీ ఇండిపెండెంట్ కావాలంది. ఆ పార్టీకి నాయకుణ్ణి నేనే. ఏ చక్రానికి ఆ చక్రం, మనిషి మోకాళ్ళలాగ. ఎడమది వేరు మీదికెక్కినా కుడిది నేలని వదలదు. పట్టు పోదు, కుదుపు సగం తగ్గుతుంది, నడుమ ఎత్తుగా ఖాళీ ఉంటుంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. బరువు పడి స్ప్రింగు అణిగినప్పుడల్లా నడుమ ఖాళీ తగ్గిపోతుంది. ఒంటి ఇరుసుకి ఆ బాధ లేదు. బుష్షులు, సీవీ జాయింట్లు, వాటి రబ్బరు తొడుగులు, ఎన్ని కీళ్ళుంటే అన్ని నొప్పులు. ఆ లోపాలు నేను మీటింగులో కొంచెం మెల్లగా చదివాను. ఓట్లు నాకే పడ్డాయి.

దసరా సెలవుల్లో బండిని వ్యానులో ఎక్కించి మా ఊరి ఎగువన కొండవార జీడితోటల్లోకి తీసుకెళ్ళాం. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయి. మొదటి గంట ఎంత బాగా నడిచిందంటే, రాళ్ళ మీద పిల్లి నడిచినట్టు నడిచింది. నేను కాలరెగరేశాను. రెండో గంటలో గడ్డిలో దాగిన జీడిమొద్దు ఒకటి కుడివైపు కిందిచేతికి తగిలింది. బోల్టు వంగింది, రబ్బరు తొడుగు చిరిగింది, జాయింటులోకి ఇసుక వెళ్ళింది. కరకరమని శబ్దం వచ్చి బండి ఆగిపోయింది. ఆ బోల్టు మేము తెప్పించిన ప్రత్యేకమైన రకం. అనకాపల్లిలో దొరకదు.

దిక్కులు చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం నాలుగు దాటాక కొండమీది గూడెం నుంచి నలుగురు మనుషులు డోలీ మోసుకుంటూ దిగారు. బొంగుకి దుప్పటి కట్టి, అందులో తుంటి విరిగిన ముసలమ్మని పడుకోబెట్టారు. మా బండి చూసి ఆగారు. వాళ్ళలో పెద్దాయన అడిగాడు:

"బావూ, ఇది కిందన రోడ్డు దాకా ఎల్తదా? మా అమ్మకి కుదుపు తగిల్తే ఏడుత్తంది."

బండి విరిగిందని చెప్పాను. ఆయన తల ఊపాడు. కానీ నేను చెప్పనిది ఇంకొకటుంది. అది విరగకపోయినా ఆమెని ఎక్కించలేం. పోటీ బండికి ఒక్కటే సీటు. కుదుపు గురించి నెల్లాళ్ళు వాదించుకున్నాం; ఎవరి కుదుపు అని ఒక్కరమూ అనుకోలేదు.

ఇద్దర్ని బండి దగ్గర ఉంచి మిగతావాళ్ళం డోలీకి భుజం పట్టాం. నేను కాలేజీ కవాతు పద్ధతిలో ముందాయనతో అడుగు కలపబోయాను. "అడుగు కలపకు బావూ, కలిపితే ఊగుతాది" అన్నాడాయన. నిజమే. ఎవరి అడుగు వారిదిగా వేస్తుంటే బొంగు కొంచెం వంగి లేస్తోంది గాని, దుప్పటి ఊగడం లేదు. మేము కంప్యూటర్లో గీసినదాన్ని వాళ్ళు ఏనాడో భుజాల మీద నేర్చుకున్నారు. రోడ్డు మీదికి 108 వచ్చింది, ఆమెని తీసుకెళ్ళింది. సంక్రాంతికి ఇంటికి చేరిందని తరవాత విన్నాను. కొండెక్కడం మళ్ళీ డోలీలోనే.

రావికమతం, రోలుగుంట, మాడుగుల కొండల మీది గూడేలకి డోలీ కొత్త కాదు. 2018లో మోటారు సైకిల్ మీద నడిచే ఫీడర్ అంబులెన్సులు ఏజెన్సీకి వచ్చాయి. బాట ఉన్న చోట అవి మేలే చేశాయి. బాటే లేని చోట బొంగే గతి. 2022లో జిల్లాలు విడిపోయి మా పల్లె అనకాపల్లి జిల్లాలోకీ, ఎగువ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్ళాయి. గీత కాగితం మీద పడింది, రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

ఆ రాత్రి వంగిన బోల్టుని తాత దీపం దగ్గర పెట్టి చూశాడు. ఒంటి ఇరుసు పార్టీవాడు పక్కనే ఉన్నాడు. "నే చెప్పలేదా" అనొచ్చు, అనలేదు. తాత బండి వివరం అంతా విని, "మోకాలు మంచిదేరా. మరి మోకాలికి సిప్ప ఏదీ?" అన్నాడు.

అంతే. మేము ఇండిపెండెంటునే ఉంచాం. కిందిచేతుల కింద ఉక్కురేకు బిగించాం, రబ్బరు తొడుగులకి కవచం పెట్టాం, ఏ పాత ఇనుము కొట్టులోనైనా దొరికే బోల్టులు వేశాం. బరువు ఆరు కిలోలు పెరిగింది. పోటీలో కప్పు రాలేదు గాని, నాలుగు గంటల ఓర్పు పందెంలో మా వెనక చక్రాలు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఏ సస్పెన్షన్ మంచిదన్నా అని జూనియర్లు ఇప్పుడు నన్నడుగుతుంటారు. నేల ఏదో చెప్పు, అందులో ఎక్కేది ఎవరో చెప్పు, విరిగితే బాగుచేసేది ఎవరో చెప్పు, అప్పుడు చెప్తానంటాను. సాఫీ నేల మీద సరుకు మోయడానికి ఒంటి ఇరుసే మేలు. మొద్దులూ వేళ్ళూ ఉన్న అడవిలో మనిషిని మోయడానికి విడి చక్రాలే మేలు, మోకాలిచిప్పలు మరిచిపోకపోతే.

వెళ్ళిపోయే ఏడాది గనుక ఒక్కమాట. రోగిని పడుకోబెట్టుకుని కొండబాట దిగే బండి బొమ్మ ఒకటి సగం గీసి ఉంచాను. వర్క్‌షాపులో లేతు పక్కనున్న బీరువా రెండో అరలో ఉంది. దానికి రెండు సీట్లు, ఒక పడక. కొలతలు ఇంకా సరిగ్గా కుదరలేదు. ఎవరైనా తీసుకుని పూర్తిచెయ్యండి.