తల్లిపాత్రల బ్యూలా బాండీ

సంచికకు వ్యాసమొకటి వ్రాసి యిమ్మని మన సంఘ కార్యదర్శిగారు మా యింటికి వచ్చి కోరినప్పుడు, విజయనగర రాజుల నాటి ముచ్చటయో, మన పూర్వులు ఈ కన్నడ దేశమునకు వలస వచ్చిన కథయో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేమును అట్లే తలచితిమి. కాని కలము పట్టి కూర్చున్నప్పుడు మనస్సులో మెదలినది ఒక అమెరికా ముదుసలి. ఆమె పేరు బ్యూలా బాండీ. నాటకములలోను చలనచిత్రములలోను తల్లులుగా, అవ్వలుగా, ఇరుగుపొరుగు అమ్మలక్కలుగా వేషములు కట్టి జీవితము గడపిన నటి. మన సంచికలో ఈమెకు చోటెందుకని పాఠకులు అడుగవచ్చును. చివరి వరకు చదివిన పిమ్మట కూడ ఆ ప్రశ్న మిగిలియున్నచో తప్పు మాదే.

2012 వరకు ఆ పేరు మేము విని యెరుగము. ఆ యేడు మా అమ్మాయి అమెరికానుండి సెలవులకు వచ్చుచు కొన్ని పాత చిత్రముల డిస్కులు తెచ్చినది. రాత్రి భోజనములైన పిమ్మట మేమును, మా శ్రీమతియు, అమ్మాయియు కూర్చుండి అందులో ఒకటి చూచితిమి. 1937లో లియో మెకారీ అను దర్శకుడు తీసిన 'మేక్ వే ఫర్ టుమారో'. కథ చాల చిన్నది. యాభై యేండ్లు కాపురము చేసిన దంపతులు బార్క్ కూపర్, లూసీ. ఉన్న యిల్లు బ్యాంకు పాలైనది. సంతానము ఐదుగురు. ఇద్దరిని ఒక్కచోట ఉంచుకొనుటకు ఎవ్వరికిని వీలు కుదురదు. కొంతకాలమునకే గదా యని తల్లిని న్యూయార్కులోని కొడుకు ఇంటికిని, తండ్రిని మూడువందల మైళ్ళ దూరమున నున్న కూతురి ఇంటికిని పంచుకొందురు.

కొడుకు ఇంటిలో కోడలు పేకాట పాఠములు చెప్పి నాలుగు డబ్బులు సంపాదించుచుండును. ఒక రాత్రి పాఠము జరుగుచుండగా ముసలామె తన ఊగుడుకుర్చీతో వచ్చి నడుమ కూర్చుండును. కుర్చీ కిర్రుమనుచునే యుండును. వచ్చినవారు ముఖముఖములు చూచుకొందురు. చూచుచున్న మాకును ఆమెమీద విసుగే పుట్టినది. అంతలో దూరమునుండి భర్త ఫోను చేయును. ఎంత దూరమో అంత గట్టిగా మాట్లాడవలెనని నమ్మిన దానివలె ఆమె అరచును. తన బెంగ, ఆయన ఆరోగ్యము, జాగ్రత్తలు, అన్నియు ఆ గదిలోని పరాయివారందరి చెవుల బడును. పేకముక్కలు చేత పట్టుకొని వారు తలలు వంచుకొని కూర్చుందురు.

ఆ ఘట్టమువద్ద మేము మంచినీళ్ళకని లేచి వంటింటిలోనికి పోతిమి. దాహము లేదు. ఎందుకు లేచితిమో తరువాత చెప్పెదము. ముందు ఆ నటి సంగతి.

డెబ్బది యేండ్ల వృద్ధగా మేము నమ్మిన ఆమెకు ఆ చిత్రము విడుదలైన నాటికి 48 ఏండ్లేనని అమ్మాయి చెప్పినప్పుడు మేము విస్తుపోయితిమి. భర్తగా నటించిన విక్టర్ మూర్ ఆమెకంటె పదమూడేండ్లు పెద్ద. కొడుకుగా నటించిన థామస్ మిచెల్ ఆమెకంటె మూడేండ్లు మాత్రమే చిన్న. ముఖమున ముడుతలు రంగు పూసి తెప్పింపవచ్చును. కాని కుర్చీలోనుండి లేచునప్పుడు మోకాళ్ళు పట్టినట్టి ఆ తడబాటు, తన మాట ఎవ్వరును వినుట లేదని తెలిసియు నవ్వుచు ముగించుట, ఇవి రంగు డబ్బాలో దొరకునవి కావు.

బ్యూలా 1889లో జన్మించి, ఇండియానా రాష్ట్రమున వాల్పరైజో అను చిన్న పట్టణములో పెరిగినది. ఏడవ యేట ఆ ఊరి నాటకశాలలో 'లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్' నాటకమున కథానాయకుని వేషము, అనగా మగపిల్లవాని వేషము, కట్టినది. మన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషముతో ఆంధ్రదేశమును మురిపించిన సంగతి తెలిసిన వారికి ఇందులో వింత యేమియు తోచదు. తరువాత ఆ ఊరి విశ్వవిద్యాలయములోనే వక్తృత్వ శాస్త్రము చదివి పట్టములు పుచ్చుకొన్నది. ఊరూర నాటక సమాజములలో పనిచేసి, 1925 డిసెంబరులో న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలము ఎక్కునప్పటికి ఆమెకు 36 ఏండ్లు. 1929లో ఎల్మర్ రైస్ వ్రాసిన 'స్ట్రీట్ సీన్' నాటకమునకు పులిట్జర్ బహుమానము వచ్చినది. ఒకే యింటి వాకిలి, ఆ యింట అద్దెకున్న పలు కుటుంబములు, ఒకరి గుట్టు ఒకరు విప్పుట, ఇదే ఆ నాటకము. అందులో నోటి దురుసు గల పొరుగింటి ఎమ్మా జోన్స్ ఈమె. 1931లో కింగ్ విడార్ దానిని తెరకెక్కించినప్పుడు ఆ పాత్రకు ఈమెనే పిలిచినారు. 42వ యేట తెరపై తొలి అడుగు. నాయికలు తెర వదలి పోవు వయస్సున ఈమె ప్రవేశించినది. కావున యౌవనము పోవునను భయము ఈమెకు ఎన్నడును లేదు.

అప్పటినుండి ముప్పది యేండ్లకు పైగా సాగిన చిత్రములను వరుసగా ఏకరువు పెట్టుట మా ఉద్దేశము కాదు. సహాయ నటీనటులకు ఆస్కారు బహుమానము ఏర్పడిన మొదటి సంవత్సరముననే, 1936 నాటి 'ది గార్జియస్ హస్సీ' చిత్రములో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ భార్యగా నటించినందుకు, ఎన్నికైన ఐదుగురు నటీమణులలో ఈమె ఒకతె. బహుమానము రాలేదు. 1938లో 'ఆఫ్ హ్యూమన్ హార్ట్స్' చిత్రమునకు మరల ఎన్నికైనది. అప్పుడును రాలేదు. ఆ సారి దానిని అందుకొన్నది 'జెజెబెల్' చిత్రమున నటించిన ఫే బెయింటర్. మేము చూచిన చిత్రములో పేకాట నేర్పిన కోడలు ఈ బెయింటరే. తెరమీద అత్తకు ఊగుడుకుర్చీ కూడ మిగల్చని కోడలు తెర వెలుపల బహుమానము కూడ మిగల్చలేదని మా శ్రీమతి నవ్వినది.

జేమ్స్ స్టూవర్ట్ అను ప్రసిద్ధ నటునికి ఈమె నాలుగు చిత్రములలో తల్లి. అందు నాలుగవది 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్ఫుల్ లైఫ్'. ఆ చిత్రములో నాయకుడు తాను పుట్టియుండకున్న లోకమెట్లుండెడిదో చూచును. తన యింటి తలుపు తట్టును. తలుపు తీసిన తల్లి అతనిని గుర్తింపదు. ఆమె ఇప్పుడు బాడుగకు గదులిచ్చి బ్రతుకు ఒంటరి మనిషి. ముఖము ఎండిన కట్టె. కొన్ని నిమిషములకు ముందు వాత్సల్యముతో నిండిన ముఖమది. కన్నులు, పెదవులు, అన్నియు అవే. కొడుకు లేని తల్లి ఎట్లుండునో ఆ రెండు నిమిషములలో చూపినది. ఇంతకు బ్యూలా బాండీ వివాహమే చేసికొనలేదు, బిడ్డలు లేరు.

పాత్రకై ఎంత దూరమైనను పోవునది. స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1940లో చిత్రముగా వచ్చినది. అందలి జోడ్ కుటుంబపు తల్లి వేషము తనదే యగునని ఆశించి, బేకర్స్‌ఫీల్డు ప్రాంతమున ఊరు విడిచి వచ్చిన పేదకూలీల శిబిరములకు పోయి, వారి నడుమ మసలి వారి తీరు చూచి వచ్చినది. వేషము మాత్రము జేన్ డార్వెల్‌కు పోయినది. ఆస్కారును ఆమెకే వచ్చినది. క్యారెక్టరు నటుల బ్రతుకు ఇట్టిదే. కథ వారి చుట్టు తిరుగదు. వారే కథ చుట్టు తిరుగవలెను. మన తెలుగు తెరపై సూర్యకాంతమ్మగారు గయ్యాళి అత్తగా ఎంత జీవించినారనగా, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుటకే తల్లిదండ్రులు జంకినారని చెప్పుకొందురు. అది ఆమెకు వచ్చిన బిరుదని మా అభిప్రాయము.

వృద్ధదంపతులను బిడ్డలు చెరియొకరుగా పంచుకొను కథ మనకును క్రొత్త కాదు. 1958లో బి. ఆర్. పంతులుగారు కన్నడమున తీసిన 'స్కూల్ మాస్టర్' మన ఊళ్ళలో పెద్దవారందరు చూచినదే. అదే 1972లో తెలుగున 'బడిపంతులు' అయినది. రామారావుగారు, అంజలీదేవిగారు నటించినారు. ఆ చిత్రము చూచి మేమును ఏడ్చితిమి. ఆ కొడుకులను, కోడండ్రను తిట్టుకొంటిమి. తిట్టుకొని నిశ్చింతగా ఇంటికి వచ్చి నిద్రపోతిమి. బ్యూలా బాండీ ఆ వసతి మాకు కలిగింపలేదు. ఆమె తల్లిని దేవతగా చూపలేదు. చాదస్తము, అధిక ప్రసంగము, వేళగాని వేళ వచ్చి కూర్చుండుట, అన్నియు చూపి మొదట మాకే విసుగు పుట్టించినది. ఆ పిమ్మట ఫోను మ్రోగినది.

ఇప్పుడు మేము వంటింటిలోనికి ఎందుకు పోతిమో చెప్పవలెను.

1984లో మా అమ్మాయి పుట్టినది. మేమును శ్రీమతియు ఇరువురము బెంగళూరులో ఉద్యోగములు చేయుచుంటిమి. అమ్మగారును నాన్నగారును బరంపురములో పెద్దన్నగారి వద్ద ఉండిరి. పసిబిడ్డను చూచువారు లేరని అమ్మగారిని పిలిపించితిమి. నాన్నగారికి ఉబ్బసము. మద్రాసులో బండి మారి అంత దూరము రాలేనన్నారు. మా రెండు గదుల యింట వారికి వేరు మంచము వేయు చోటును లేదు. ఆరు నెలలకే గదా యంటిమి. ఆరు నెలలు రెండేండ్ల నాలుగు నెలలైనవి. ఇందులో ఎవ్వరును ఎవ్వరిని బలవంతము చేయలేదు. అన్నగారు సరేనన్నారు, నాన్నగారు సరేనన్నారు, అమ్మగారు అందరికంటె ముందు సరేనన్నారు.

ఫోను క్రింది వాటాలో ఇంటివారిది. నెలకొకసారి నాన్నగారు తెలిసిన బట్టల కొట్టుకు పోయి ట్రంకు కాల్ పెట్టించెడివారు. మూడు నిమిషములు. అమ్మగారు రిసీవరు రెండు చేతులతో పట్టుకొని, బరంపురము వరకు వినబడవలెనని అరచెడివారు. ఒక ఆదివారము మా ఆఫీసు మిత్రులు నలుగురు కాఫీకి వచ్చియుండిరి. ఫోను వచ్చినదని పిలిచిరి. అమ్మగారి గొంతు మేడమీదికి, మా నడిమింటిలోనికి, కాఫీ కప్పుల మీదికి వచ్చినది. మిత్రులు మాటలాడుట మానిరి. మేము మెట్లు దిగి పోయి, మెల్లగా మాట్లాడుమని అమ్మగారికి చేయి చూపితిమి. ఆమె తలయూపి, రిసీవరు నోటికి ఆనించి గుసగుసగా చెప్పసాగినారు. అవతల నాన్నగారికి వినబడలేదు కాబోలు, "వినపడ్డం లేదు, వినపడ్డం లేదు" అనుట మాకు కూడ వినవచ్చినది. మూడు నిమిషములు ముగిసినవి. ఆ పిమ్మట అమ్మగారు ఫోనులో ఎన్నడును గొంతు ఎత్తలేదు.

1986 చివర ఆమె బరంపురము వెళ్ళినారు. నాన్నగారు 1991లో పోయినారు; అమ్మగారు 1999లో. ఆ రెండేండ్ల మాట వారిద్దరిలో ఎవ్వరును మా వద్ద ఎత్తలేదు.

మంచినీళ్ళు త్రాగి మేము తిరిగి వచ్చి కూర్చుంటిమి. చిత్రమున ముసలామెను వృద్ధాశ్రమమునకు పంపు ఆలోచన సాగుచున్నది. కొడుకు ఎట్లు చెప్పుదునా యని తల్లడిల్లుచుండగా, సంగతి కనిపెట్టిన ఆమెయే ముందుగా, తనకు అచ్చట ఉండవలెనని కోరిక యని చెప్పును. భర్తకు మాత్రము తెలియనీయవద్దనును. కొడుకు సిగ్గును తానే కప్పిపుచ్చు ఆ ఘట్టమున ఆమె కంట నీరు పెట్టదు. తండ్రిని కాలిఫోర్నియాలోని మరొక కూతురి వద్దకు పంపుదురు. రైలు వేళ వరకు వారిద్దరికి న్యూయార్కులో కొన్ని గంటలు దొరకును. పెండ్లియైన క్రొత్తలో దిగిన హోటలుకే పోయి, భోజనము చేసి, నాట్యము చేయుటకు లేతురు. సంగీతము వారి అడుగునకు అందనంత వేగముగా మారగా, మేళపు నాయకుడు వారిని చూచి పాత కాలపు వాల్ట్జ్ వాయింపించును. తుదకు రైలుస్టేషను. బండి కదలును. ఆమె ప్లాట్‌ఫారముపై నిలిచియుండును. ముగింపు మార్చి వారిని కలుపుమని చిత్రసంస్థ పెద్దలు కోరిరట; మెకారీ వినలేదు. చిత్రమునకు డబ్బు రాలేదు. మెకారీకి ఆ యేడే మరియొక హాస్యచిత్రమునకు ఆస్కారు వచ్చినప్పుడు, ఇచ్చినది తప్పు చిత్రమునకని ఆయన అన్నాడట. 2010లో దీనిని అమెరికా జాతీయ చిత్రనిధిలో చేర్చినారు.

నటికి బహుమానము రాకపోలేదు. 'ది వాల్టన్స్' అను టెలివిజన్ ధారావాహికలో 1976లో ఒక ముసలి అత్తగా నటించినందుకు 1977లో ఎమ్మీ బహుమానము ఇచ్చినారు. అప్పటికి ఆమెకు 88 ఏండ్లు. ఇప్పుడు రంగు పూయవలసిన పని లేదు. సభ లేచి నిలుచుండగా మెల్లగా వేదికనెక్కి, బ్రతికియుండగనే గౌరవించినందులకు వందనములని చెప్పినదట. 1981 జనవరిలో, ఇంటి పెంపుడు పిల్లి కాలికి అడ్డుపడి క్రిందపడగా ప్రక్కటెముకలు విరిగి, 91వ యేట మరణించినది. ఈ సంగతులన్నియు మా అమ్మాయి ఆ రాత్రియే కంప్యూటరులో వెదకి మాకు చదివి వినిపించినది.

చదువుట ముగించి కొంతసేపు ఊరకుండి, "నాన్నా, నానమ్మ అప్పుడు మన ఇంట్లో ఉన్నది నా కోసమేనా?" అని అడిగినది. అవునంటిమి. ఫోనులో నానమ్మ తాతగారితో ఏమి చెప్పెడిదని అడిగినది. మేమును శ్రీమతియు ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. అరచుట జ్ఞాపకమున్నది. మాటలు ఒక్కటియు జ్ఞాపకము లేవు.